సాక్ష్యం మధ్యలో బ్రేక్

అది కాదు, "నచ్చకపోతే చూడకండి" అనే మాట మీ నోటికి అంత తేలిగ్గా ఎలా వస్తుంది? నిన్న మా ఆఫీసులో ఒకతనూ అదే అన్నాడు. టీవీ ముసలోళ్ల వ్యవహారం, మనకు కావాల్సింది మనం ఫోన్‌లో చూసుకుంటున్నాం, నీకెందుకింత కోపం అన్నాడు. కోపం కాదు బాబూ, తగిలిన దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు. ఆరు నెలల కిందట అడిగుంటే నేనూ అచ్చం అతనిలాగే మాట్లాడేదాన్ని. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి బ్యాటరీలు అయిపోయి ఎన్నాళ్లయిందో కూడా ఎవరికీ తెలియదు. ఆ పెట్టె ఎంత పాడైపోయిందో చూడలేదు కాబట్టే, మా పెద్దమ్మను నా చేతులారా తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. బేతంచెర్ల దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. గనిలోంచి వచ్చిన బండను మిషన్ కింద పెట్టి, నీళ్లు పోస్తూ అద్దంలా నున్నగా చేస్తారు. అలా వచ్చిన బండల్ని ఎత్తి, రంగును బట్టి వేరు చేసి పేర్చడం ఆడవాళ్ల పని. రోజంతా ఆ మిషన్ల మోతలో అరుచుకుంటూ మాట్లాడుకోవాలి కాబట్టి ఇంటికొచ్చినా ఆమె గొంతు తగ్గదు. ఆమెతో ఫోన్ మాట్లాడటానికి స్పీకర్ పెట్టక్కర్లేదు, ఫోన్ అవతలి గదిలో పెట్టినా సరిపోతుంది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దమ్మ, పెద్దనాయన, పెద్దనాయనను కన్నతల్లి. ఆమెను నేను అవ్వ అంటాను. పెద్దమ్మకు పిల్లలు పుట్టలేదు. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని అందరం ఒక కార్యక్రమం చూసేవాళ్లం. జిల్లాల నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. యాంకరమ్మ పొడుపుకథలు వేసేది, సగం సామెత చెప్పి మిగతా సగం అడిగేది, కళ్లకు గంతలు కట్టి గింజలు చేతిలో పోసి ఇవి కొర్రలా సజ్జలా అనేది. వచ్చినామె ఆలోచిస్తూ ఉంటే మా పెద్దమ్మ ఇక్కడ నోట్లో ముద్ద ఉండగానే జవాబు చెప్పేసేది.

"నిన్ను పిలిచింటే ఈ పొద్దు చీర మనింటికొచ్చుండె" అనేది అవ్వ.

"నన్నెవరు పిలుస్తారత్తా? నా గొంతుకు వాళ్ల మైకు పగులుతాది."

పెద్దమ్మ సొంతంగా పొడుపుకథలు కట్టేది కూడా. ఒకటి నాకింకా గుర్తుంది. "కడుపు కోసి బయటికి తీస్తారు, నీళ్లు పోసి ఒళ్లంతా రుద్దుతారు, ఇంట్లోకి తెచ్చుకోని కాళ్లకింద ఏసి తొక్కుతారు. ఏంది?" బండ. పాలిష్ బండ. రోజూ చేతులు కోసుకునే మనిషి కట్టిన పొడుపుకథ అది.

పోయిన సంవత్సరం ఒకరోజు ఫోన్‌లో ఏదో చూస్తుంటే ఆ కార్యక్రమం ప్రకటన కనబడింది. పాల్గొనాలనుకునే మహిళలు ఈ ఫారం నింపండి అని. నాకు ఒళ్లు పులకరించింది. అది ఇంకా నడుస్తోందా! మెట్రోలో నిలబడే నింపేశాను. పేరు, ఊరు, వయసు, ఫొటో. చివర్లో ఒక గడి ఉంది. "మీ జీవితంలో మరిచిపోలేని సంఘటన". అక్కడ నేను రాసిన వాక్యం ఇది: కొత్తలో అత్తతో గొడవ, తర్వాత ఇద్దరూ తల్లీకూతుళ్లలా కలిసిపోయారు. రాస్తున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ కార్యక్రమాన్ని చూసి ఎన్నో ఏళ్లయిందన్న సంగతి కూడా గుర్తు రాలేదు. రెండో రోజే ఫోన్ వచ్చింది. పొడుపుకథల గురించి ఒక్క ప్రశ్న లేదు. "మేడమ్, ఆ అత్తగారి పాయింట్ కొంచెం చెప్తారా?" అన్నారు. అప్పుడైనా నాకు వెలగలేదు.

ఇక్కడ మా వాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మాది తాతల కాలం నుంచి చర్చికి వెళ్లే ఇల్లు. ఆరాధనలో సాక్ష్యం చెప్పడం అని ఉంటుంది. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నిలబడతారు. ముందు తన తప్పు చెప్పాలి. నాన్చకుండా, ఎదుటివాళ్ల మీద తోసెయ్యకుండా, ఉన్నదున్నట్టు. తర్వాత అందులోంచి ఎలా బయటపడిందీ చెప్పాలి. మధ్యలో ఎవరూ లేవరు, ఎవరూ నోరు మెదపరు. పసిబిడ్డ ఏడిస్తే తల్లి బయటికి ఎత్తుకుపోతుంది. చివరిదాకా విని అందరూ స్తోత్రం అంటారు. ఆ స్తోత్రంతో ఆ తప్పు ఊరందరి ముందూ తీరిపోయినట్టే. బయటికొచ్చాక దాన్ని పట్టుకుని ఎవరూ దెప్పరు. దెప్పితే పాస్టరు అయ్యగారు ఒప్పుకోరు.

పెద్దమ్మ సాక్ష్యం ఆ చర్చిలో అందరికీ నోటికి వచ్చు. నేనే నాలుగైదుసార్లు విన్నాను.

"నేను కాపురానికి వచ్చిన కొత్తలో శానా తలబిరుసుదాన్ని. ఒగ దినం మా అత్త నా కూర నోట్లో పెట్టుకోని, మీ అమ్మ నీకు వంట గూడ నేర్పలేదా అనె. నాకు మండె. నా మొగుడు బండల లారీ మీద ఊర్లు పట్టుకోని పోయిండె. నలభై దినాలు నేను మా అత్తకు కూడు పెట్టలే. నా ఒక్కదానికే వండుకుంటి. ఆమె పక్కిండ్లలో రొట్టె అడుక్కోని తినె. నేను చూస్తా ఉంటి."

ఇక్కడ ఒక్క క్షణం ఆగేది.

"ఒగ పొద్దు ఆమె నీళ్లకు పోయి జారి పడె. కాలు ఇరిగె. ఆటోలో నా ఒళ్లో పండుకోబెట్టుకోని ఆస్పత్రికి పోతాంటే నాకు ఏడుపు ఆగలే. అత్తా, నాది తప్పయిపాయ అంటి. ఆమె నన్ను చూసి ఏమనిందో తెలుసునా? ఇద్దరికీ నోరు పొడుగేలే, ముందు ఇంత సంగటి చేసి పెట్టు, ఆకలైతాండాది అనె."

చర్చి మొత్తం నవ్వేది. ముందు వరసలో కూర్చున్న అవ్వ అందరికంటే గట్టిగా నవ్వేది. "ఆ దినం నుంచి ఆమె తినకుండా నేను తినలే" అని పెద్దమ్మ కూర్చునేది. స్తోత్రం.

షూటింగ్ రోజు పొద్దున్నే పెద్దమ్మను స్టూడియోకి నేనే తీసుకెళ్లాను. ఆమె పొడుపుకథలు ఎనిమిది కాగితం మీద రాయించుకుని జాకెట్లో దోపుకుంది. లోపల సగం రోజు బెలూన్లు ఊదించారు. నోటితో స్పూను పట్టుకుని అందులో నిమ్మకాయ పెట్టి పరిగెత్తించారు. పక్కన కూర్చోబెట్టిన ఇద్దరు కమెడియన్లు వచ్చిన ప్రతి ఆడమనిషి ఒంటి మీదా జోకులు వేశారు. మా పెద్దమ్మ మాట్లాడగానే ఒకడు చెవులు మూసుకుని కుర్చీలోంచి కింద పడ్డాడు. ఆమె నవ్వింది. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. అప్పుడే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసి ఉండాల్సింది. కానీ ఆమె కళ్లలో ఆ సంతోషం చూసి కూర్చుండిపోయాను.

పొడుపుకథలు ఎప్పుడు అడుగుతారని అక్కడ హెడ్‌ఫోన్ పెట్టుకుని తిరుగుతున్న అమ్మాయిని అడిగాను. "అవి తీసేసి చాలా రోజులైంది మేడమ్, ఎవరూ చూడట్లేదు" అంది. అంత మామూలుగా చెప్పింది.

సాయంత్రానికి దీపాలన్నీ ఆర్పి పెద్దమ్మ మీద ఒక్క దీపం ఉంచారు. యాంకరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మా, మీ మనసులో భారం మాతో పంచుకోండి" అంది. పెద్దమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది. కొంగు కప్పుకోవడం చూసి నాకు తెలిసిపోయింది, ఆమె ఇప్పుడు సాక్ష్యం చెప్పబోతోంది. చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట పోకుండా. సంగటి దగ్గరికి రాగానే స్టూడియో అంతా నవ్వింది, కెమెరా పట్టుకున్నతను కూడా. యాంకరమ్మ కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చాక పెద్దమ్మ అన్న మొదటి మాట: "పూర్తిగా విన్నారు పాపా. ఒగరు గూడ మధ్యలో లేచిపోలే."

ప్రసారమయ్యే ఆదివారానికి నేను ఊరికి వెళ్లాను. చర్చి అయిపోగానే జనం సగం మంది మా పెద్దమ్మ ఇంటికే వచ్చారు. పెద్దనాయన టీవీని వసారాలోకి తెచ్చాడు. అవ్వ మంచం మీద కూర్చుని బుడ్డలు ఒలుచుకుంటోంది. మా వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలంటారు. పెద్దమ్మ తెరమీద కనబడగానే పిల్లలు కేకలు.

"నేను మా అత్తకు కూడు పెట్టలే" అన్న మాట వచ్చింది. ఉరుము ఉరిమింది. పెద్దమ్మ ముఖం నలుపూ తెలుపూ అయిపోయింది. మళ్లీ అదే మాట. మళ్లీ ఉరుము. ముఖం ఇంకా దగ్గరగా. మూడోసారి. "ఆమె రొట్టె అడుక్కోని తినె. నేను చూస్తా ఉంటి." వయొలిన్. ఒక ముసలామె వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎవరామె? వేరే ఊరి నుంచి వచ్చిన ఇంకొకామెకు తల్లి. పొద్దున నిమ్మకాయ ఆటలో కూతురు ఓడిపోతే ఏడ్చింది. నేను కళ్లారా చూశాను. ఆ ఏడుపు తెచ్చి ఇక్కడ అతికించారు. తర్వాత యాంకరమ్మ కళ్లు తుడుచుకోవడం. సంగటి మాటకు తుడుచుకున్న కళ్లు అవి! ఆ వెంటనే బ్రేక్.

వసారాలో ఎవరూ కదల్లేదు.

"ఇంగా ఉండాది, ఉండండప్పా" అంది పెద్దమ్మ. "ఆటో ముచ్చట వస్తాది, సంగటి వస్తాది."

బ్రేక్ తర్వాత కమెడియన్లు డాన్స్ చేశారు. బెలూన్లు వచ్చాయి. అందరం చూస్తూనే ఉన్నాం. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. చివర్లో సబ్బు వాళ్లకూ చీరల వాళ్లకూ కృతజ్ఞతలు చెప్పి అయిపోయింది. వచ్చిన జనం పెద్దమ్మ వైపు చూడకుండా చెప్పులు వేసుకున్నారు. ప్రతి ఒక్కరికీ ఆ సాక్ష్యం నోటికి వచ్చు. అయినా ఆమె మొహం చూడలేకపోయారు.

అవ్వ ఒలిచిన బుడ్డలు చేతిలోనే ఉన్నాయి. "నేనన్న మాట యాడబాయమ్మే?" అంది.

మర్నాడు పొద్దున్నే డోన్ నుంచి అత్త దిగింది. పెద్దనాయనకు అక్క, అవ్వకు ఒక్కతే కూతురు. గుమ్మంలోనే మొదలు పెట్టింది.

"నా తల్లిని నలభై దినాలు ఎండగడితివి కదే!"

"వదినా, నీకు తెలీందా? చర్చిలో నీ ముందరే చెప్పినా కదా. నువ్వు గూడ నవ్వితివి. నన్ను పట్టుకోని ఏడ్చితివి."

"ఆ పొద్దు నాకు ఇట్ల అనిపించలే. నిన్న చూస్తాంటే నా ప్రాణం పాయ. ఆ ముసలామె అట్ల ఏడుస్తాంటే..."

"ఆమె మీ అమ్మ కాదత్తా" అని నేను అరిచాను. "ఎవరో వేరే ఊరామె. ఆటలో కూతురు ఓడిపోయిందని ఏడ్చింది!"

"ఎవరైతే ఏం పాపా? ముసలామే కదా."

"ఓ యమ్మా, నేను ఏడ్వనే లేదే" అంది మంచం మీది నుంచి అవ్వ. "ఈడ కూసోని బుడ్డలు తింటాంటి. ఎప్పుడో మాఫీ చేసినా దాన్ని. నీకేమొచ్చె?"

"నువ్వు గమ్మునుండమ్మా. మాఫీ చేసినట్ల టీవీలో వచ్చిందా? రాలే. డోన్‌లో మా ఈదంతా చూసినారు. ఇంత తెలిసినాంక గూడ తల్లిని ఆడ్నే పెట్టినావా అంటాండారు. నేనేం చెప్పల్ల? అమ్మను నాతోనే తీసుకపోతా. టీవీలో అట్ల వస్తే అప్పుడు పంపిస్తా."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. తల్లి ఎదురుగా కూర్చుని చెప్తోంది. తను స్వయంగా చర్చిలో విన్నది. అయినా ఆ ఉరుములే నిజం ఆమెకు. నేను ఏమేమి అన్నానో ఇప్పుడు రాయలేను. పెద్దావిడను పట్టుకుని అనకూడనివి అన్నాను. దాంతో ఇంకా చెడింది. పెద్దనాయన అక్క ముందు నోరెత్తే మనిషి కాదు, గొడ్లకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లిపోయాడు. చివరికి అవ్వే లేచి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

"నేను పోతే గాని దీని నోరు మూతపడదు. నాలుగు దినాలుండి వస్తా. ఏమ్మే, నువ్వు తినకుండా ఉండొద్దు."

ఆ నాలుగు రోజులు మూడు నెలలయ్యాయి. పెద్దనాయన రెండుసార్లు డోన్ వెళ్లాడు. రెండుసార్లూ ఒంటరిగానే వచ్చాడు. ఫ్యాక్టరీలో కుర్ర లారీ క్లీనర్లు పెద్దమ్మను చూడగానే నోటితో ఉరుము చప్పుడు చేస్తున్నారు. ఎలాగంటారా? ఆ ముక్క కత్తిరించి, నవ్వే బొమ్మలు పెట్టి ఫోన్లలో తిప్పారు. నాకే వచ్చింది, మా ఆఫీసు గ్రూపులో. "టీవీ ముసలోళ్ల వ్యవహారం" అన్నాడే, అతనే పంపాడు. చర్చిలో సాక్ష్యాలు అని అయ్యగారు అడిగినప్పుడు పెద్దమ్మ ఇప్పుడు తల దించుకుని కూర్చుంటోంది.

పోయిన శనివారం ఊళ్లో ఉండగా ఆ హెడ్‌ఫోన్ అమ్మాయికి ఫోన్ చేశాను. పెద్దమ్మ పక్కనే జొన్నరొట్టెలు తడుతోంది. స్పీకర్ పెట్టాను, ఆమె కూడా వినాలని.

"మేడమ్, మీ పెద్దమ్మగారి ఎపిసోడ్ సూపర్‌గా వెళ్లింది!" అందామె.

"మిగతా సగం ఎందుకు తీసేశారు?"

"అక్కడ అందరూ నవ్వేశారు కదా మేడమ్. ఎమోషన్ పడిపోయింది."

నవ్వారని తీసేశారు. ఇద్దరు ఆడవాళ్లు కలిసిపోయిన చోట మనుషులు నవ్వారు, అందుకని అది పనికిరాలేదు. ఆ ముక్క ఇప్పటికైనా వెయ్యమన్నాను. వాడనిది ఉంచరంది. ఉంచకపోతే పోనీ, వాళ్లిద్దరూ కలిసిపోయారని ఒక్క మాట చెప్పండి టీవీలో, అన్నాను.

"దానికంటే మంచి ఐడియా మేడమ్. అత్తగారిని కూడా తీసుకురండి, రెండో భాగం చేద్దాం. స్టేజ్ మీద మీ పెద్దమ్మగారు ఆమె కాళ్లు పట్టుకోవాలి. ఆమె వెంటనే ఒప్పుకోకూడదు, కొంచెం ఛీకొట్టాలి. లాస్ట్‌లో కలుపుదాం."

నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టి పెట్టేశాను. పెద్దమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె పెనం మీది రొట్టె మాడుతున్నా తీయకుండా నన్నే చూస్తోంది.

"నువ్వేంటికి తిడ్తివి పాపా? పోయింటే బాగుండె కదా."

"పెద్దమ్మా! అవ్వ నిన్ను ఛీకొట్టాలట, విన్నావా?"

"కొట్టనీలే. ఏసం కదా. ఆడ కలిసినట్ల చూపిస్తే మీ అత్త పంపిస్తాది. ఆ ముసిల్ది డోన్‌లో మెత్తన్నం తినలేకుండాదంట, సంగటి కావాలంటాదంట." తర్వాత గొంతు తగ్గించింది. ఆ మనిషి గొంతు తగ్గించడం నా జన్మలో మొదటిసారి విన్నాను. "తప్పు నాదే పాపా. నేనే చెప్పేది సరిగ్గా చెప్పలే. ఈ తూరి ముందు సంగటి ముచ్చట చెప్తా, ఆటో ముచ్చట చెప్తా, మా అత్త ఎంత మంచిదో చెప్తా. కూడు పెట్టని ముచ్చట ఆఖర్న, శానా చిన్నగా చెప్తా. అప్పుడు కోసినా తప్పే పోతాది, మంచి నిలబడతాది. విను, ఎట్లుంటాదో చూడు."

రొట్టె పక్కన పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని, మొదలు పెట్టింది. "మా అత్త దేవతలాంటి మనిషి..." ఒకసారి తడబడింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఇరవై ఏళ్లుగా తన తప్పుతో మొదలుపెట్టిన మనిషి, ఇప్పుడు ఆ తప్పును ఎక్కడ దాచాలా అని వెతుక్కుంటోంది. చెప్పడం అయ్యాక బాగుందా అని అడిగింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

మారాల్సింది ఆమేనా? నిజం చెప్పే పద్ధతి ఆమెకే చేతకాలేదా? అవుననేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, నాకు కాదు, ఆ పొయ్యి దగ్గరికి వచ్చి ఆమె మొహం చూస్తూ చెప్పగలరా?